పాత పెళ్ళి వీడియోల్లో దువ్వెన గీతలు: డీఇంటర్‌లేసింగ్ మొదటి నుంచి చివరి దాకా

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక కుటుంబం వాళ్ళు గుడ్డ సంచి ఒకటి తెచ్చి, విజయవాడ గవర్నర్‌పేటలో నేను పనిచేసుకునే గదిలో బల్ల మీద పెట్టారు. సంచిలో మూడు వస్తువులు ఉన్నాయి. 1996 నాటి పెళ్ళి వీహెచ్ఎస్ క్యాసెట్, 2004 కృష్ణా పుష్కరాల్లో మినీ డీవీ కెమెరాతో తీసుకున్న చిన్న టేపు, 2011లో జరిగిన ఒడుగు వీడియో ఫైళ్ళున్న పెన్‌డ్రైవ్. పెళ్ళి క్యాసెట్‌ను అంతకుముందే ఎక్కడో కంప్యూటర్లోకి ఎక్కించుకున్నారట, ఆ ఫైలు కూడా చూపించారు. తలంబ్రాలు పోసే చోట ఆపి చూస్తే పెళ్ళికూతురి చేతులు దువ్వెన పళ్ళలా చీలిపోయి ఉన్నాయి. గాలిలో ఉన్న ఒక్కో బియ్యపు గింజ జంటగా, చారలు చారలుగా కనిపిస్తోంది. "క్యాసెట్ పాడైపోయిందా అండీ?" అని అడిగారు.

క్యాసెట్ నిక్షేపంగా ఉంది. ఇంటర్‌లేస్ పద్ధతిలో, అంటే ఒక్కో బొమ్మను రెండు సగాలుగా తీసిన వీడియోను డీఇంటర్‌లేస్ చేయకుండా, అంటే ఆ సగాలను విడదీసి పూర్తి బొమ్మలుగా మార్చకుండా కంప్యూటర్ తెర మీదికి వదిలేశారు, జరిగింది అంతే. ఆ సంచిలోని మూడింటినీ నేను సరిచేసిన వరసనే ఇక్కడ రాస్తున్నాను. మన ఊళ్ళలో ఇంటింటి బీరువాలోనూ ఉన్న పాత వీడియోలు దాదాపుగా ఈ మూడు రకాల్లో ఏదో ఒకటి అయి ఉంటాయి.

చారలు ఎక్కడివి

మన దేశంలో టీవీ పాల్ పద్ధతిలో నడిచింది. సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో తెర మీద కనిపించే గీతలు 576. అయితే సెకనుకు 25 సార్లే బొమ్మ మారితే పాత పిక్చర్ ట్యూబు టీవీ మినుకుమినుకుమంటూ కళ్ళను బాధపెడుతుంది. పోనీ 50 పూర్తి బొమ్మలు పంపుదామంటే ప్రసారానికి రెట్టింపు చోటు కావాలి. దీనికి 1930ల నాటి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయమే ఇంటర్‌లేసింగ్. ముందు ఒకటి విడిచి ఒకటిగా సగం గీతలు, ఆ తరువాత మిగిలిన సగం. ఒక్కో సగాన్ని ఫీల్డు అంటారు. పాల్‌లో ఒక ఫీల్డుకు 288 గీతలు, సెకనుకు 50 ఫీల్డులు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఒక ఫ్రేమును రెండుగా కోసి పంపారని అనుకుంటారు. వీడియో కెమెరా అలా తీయదు. మొదటి ఫీల్డు తీసిన 20 మిల్లీసెకన్లకు రెండో ఫీల్డు తీస్తుంది. ఈ లోపల బియ్యపు గింజ కిందికి జారింది, చెయ్యి పక్కకు కదిలింది. పాత టీవీ ఆ రెండింటినీ ఒకదాని తరువాత ఒకటిగా చూపేది కాబట్టి ఇబ్బంది లేదు. ఇప్పటి తెరలు ఫ్రేమంతా ఒకేసారి చూపుతాయి. రెండు వేర్వేరు క్షణాలు ఒకే బొమ్మలో అల్లుకుపోయి, కదిలిన చోటల్లా దువ్వెన కనిపిస్తుంది. కదలని గోడ, పందిరి గుంజ మాత్రం చక్కగానే ఉంటాయి.

అంటే మీ క్యాసెట్లో సెకనుకు 50 వేర్వేరు క్షణాలు ఉన్నాయి. వాటిలో సగం పారేయకుండా మొత్తం 50 బయటికి తీయడమే ఈ పనిలో అసలు నేర్పు. నూటికి తొంభై పాళ్ళు జరిగేది మాత్రం పారేయడమే.

మొదట నిజంగా ఇంటర్‌లేసో కాదో తేల్చుకోండి

ఫైలు వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరవండి. వీడియో మెనూలో డీఇంటర్‌లేస్ అన్నది ఆఫ్‌లో పెట్టండి. ఇది మరిచిపోతే ప్లేయరే చారలను దాచేసి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. అడ్డంగా వేగంగా కదిలే వస్తువు ఉన్న చోటికి వెళ్ళండి. పెళ్ళి వీడియోలో తలంబ్రాలు, బంతులాట, విసనకర్ర విసిరే చెయ్యి బాగా పనికొస్తాయి. అక్కడ ఆపి, కీబోర్డు మీద ఇంగ్లీషు 'ఈ' అక్షరం నొక్కుతూ ఒక్కో ఫ్రేమే ముందుకు జరపండి. అంచుల్లో సన్నని, సరిసమానమైన చారలు కనిపిస్తే అది ఇంటర్‌లేస్ ఫైలు.

చారలు లావుగా, మసకగా, ఎగుడుదిగుడుగా ఉంటే మాత్రం కథ వేరు. ఎవరో దాన్ని డీఇంటర్‌లేస్ చేయకుండానే సైజు మార్చేశారన్నమాట. గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, ఇక ఏ ఫిల్టరూ వాటిని విడదీయలేదు. బ్రాడీపేట వాళ్ళు చూపించిన పాత ఫైలు అదే స్థితిలో ఉంది. దాన్ని పక్కన పెట్టి క్యాసెట్ మళ్ళీ ఎక్కించడం తప్ప మార్గం లేదని చెప్పాను. మీ దగ్గరా అసలు టేపు ఉంటే పాడైన ఫైలుతో కుస్తీ పట్టకండి.

ఇంకో చిక్కు ఉంది. ఫైలు మీద ఇంటర్‌లేస్ అని రాసి ఉన్నా లోపల పూర్తి ఫ్రేములే ఉండవచ్చు. టీవీలో వచ్చిన సినిమాను ఇంట్లో వీసీఆర్‌లో రికార్డు చేసుకున్న క్యాసెట్లు ఇలాంటివే. సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు. పాల్‌లో దాన్ని కొంచెం వేగం పెంచి 25గా నడుపుతారు, ఒక్కో ఫిల్ము ఫ్రేము నుంచే రెండు ఫీల్డులూ వస్తాయి. రెండూ ఒకే క్షణానివి కాబట్టి దువ్వెన ఉండదు. వీటిని డీఇంటర్‌లేస్ చేస్తే ఉన్న స్పష్టత పోతుంది. ఫోనుతో తీసిన వీడియోలకూ ఈ గొడవ లేదు, అవి ప్రోగ్రెసివే, అంటే ఫీల్డులు లేని పూర్తి ఫ్రేములే.

టేపు ఎక్కించేటప్పుడే సగం పని

మినీ డీవీ టేపును ఫైర్‌వైర్ తీగతోనే (కెమెరాను కంప్యూటర్‌కు నేరుగా కలిపే డిజిటల్ తీగ) దింపుకోండి. టేపు మీద ఉన్న అంకెలు యథాతథంగా ఫైల్లోకి వస్తాయి, గంటకు సుమారు 13 జీబీ. కెమెరాకు ఉన్న పసుపు, ఎరుపు, తెలుపు జాక్‌ల నుంచి తీస్తే డిజిటల్‌ను అనలాగ్ చేసి మళ్ళీ డిజిటల్ చేసినట్టు, ఆ తిప్పలు ఎందుకు?

వీహెచ్ఎస్‌కు క్యాప్చర్ పరికరం, అంటే వీసీఆర్ బొమ్మను కంప్యూటర్లోకి ఎక్కించేది కావాలి. దాని సాఫ్ట్‌వేర్‌లో మూడు సంగతులు చూడండి. సైజు 720 బై 576 ఉండాలి. డీఇంటర్‌లేస్ అన్న పెట్టె ఎక్కడ కనిపించినా టిక్కు తీసేయండి, అది చేసే పని దాదాపు ఎప్పుడూ నాసిరకమే. హఫ్‌వైయూవీ, ఎఫ్ఎఫ్‌వీ1 లాంటి నష్టం లేని కోడెక్‌లో (వీడియోను కుదించి దాచే పద్ధతి) భద్రపరచండి. 640 బై 480లో క్యాప్చర్ చేసే చవక పరికరాల జోలికి పోవద్దు. అక్కడే గీతలు కలిసిపోతాయి. బ్రాడీపేట ఫైలుకు పట్టిన గతి అదే అయి ఉంటుంది.

ఇక ఒడుగు వీడియోలాంటి ఏవీసీహెచ్‌డీ ఫైళ్ళు, అంటే హెచ్‌డీ కెమెరా మెమరీ కార్డు మీద రాసేవి, ఆ కార్డు నుంచి కాపీ చేసుకుంటే చాలు.

ఏ ఫీల్డు ముందు?

రెండు ఫీల్డుల్లో ఏది ముందు తీశారో సాఫ్ట్‌వేర్‌కు సరిగ్గా తెలియాలి. పై గీతతో మొదలయ్యేది పై ఫీల్డు, రెండోది కింది ఫీల్డు. డీవీ టేపుల్లో కింది ఫీల్డు ముందు. హెచ్‌డీవీ (టేపు మీద హెచ్‌డీ), ఏవీసీహెచ్‌డీల్లో పై ఫీల్డు ముందు. పాల్ వీహెచ్ఎస్‌ను మామూలు క్యాప్చర్ పరికరంతో ఎక్కిస్తే చాలావరకు పై ఫీల్డు ముందు వస్తుంది. అదే వీహెచ్ఎస్‌ను ఒక డీవీ కెమెరా గుండా పంపి ఎక్కిస్తే కింది ఫీల్డు ముందు అవుతుంది. ఒకే క్యాసెట్, దారి మారితే వరస మారుతుంది. కాబట్టి పట్టికలు బట్టీ పట్టి పనిచేయకండి, పరీక్షించండి.

పరీక్ష సులువు. మీకు తోచిన వరస పెట్టి, కదలిక బాగా ఉన్న పది సెకన్ల ముక్కను 50 ఫ్రేములుగా డీఇంటర్‌లేస్ చేయండి. ఒక్కో ఫ్రేమే జరుపుతూ ఒక వస్తువును చూపుతో పట్టుకోండి. పుష్కరాల టేపులో నేను ఘాట్ మెట్లు దిగుతున్న ఒక పెద్దాయన చేతికర్రను పట్టుకున్నాను. వరస సరైనదైతే కర్ర ప్రతి ఫ్రేముకూ కొంచెం కొంచెం ముందుకే వెళుతుంది. తప్పైతే రెండడుగులు ముందుకు, ఒక అడుగు వెనక్కి, మళ్ళీ రెండు ముందుకు. నడిపించి చూస్తే మనిషికి వణుకు వచ్చినట్టు ఉంటుంది. ఒకసారి చూశారంటే జన్మలో మరిచిపోరు.

కొత్తలో నేను ఈ పరీక్ష చేయకుండా ఒక పెళ్ళి వీడియో ఇచ్చేశాను. నా చిన్న మానిటర్ మీద తేడా కనిపించలేదు. వాళ్ళు పెద్ద టీవీలో పెట్టుకున్నారు. ఊరేగింపులో బ్యాండు మేళం వాళ్ళందరికీ చలిజ్వరం వచ్చినట్టుందని మర్నాడు పొద్దున్నే ఫోను.

ఆదేశాలు టైపు చేసి నడిపే ఎఫ్ఎఫ్ఎంపెగ్ సాఫ్ట్‌వేర్ అలవాటున్నవాళ్ళకు ఐడెట్ అనే ఫిల్టర్ ఉంది. ఎన్ని ఫ్రేములు పై ఫీల్డు ముందు, ఎన్ని కింది ఫీల్డు ముందు, ఎన్ని ప్రోగ్రెసివ్ అని లెక్క చెబుతుంది. కదలిక లేని చోట దాని లెక్క నమ్మడానికి లేదు. దీపారాధన క్లోజప్ మీద కాక ఊరేగింపు మీద నడపండి.

ఆ రోజుల పెళ్ళి క్యాసెట్లలో ఇంకో తమాషా ఉంటుంది. మిక్సింగ్ చేసినవాళ్ళు గులాబీ రేకులు రాలడం, హృదయం ఆకారంలో వధూవరుల ముఖాలు తిరగడం లాంటి గ్రాఫిక్స్ కలిపేవారు. ఆ ముక్కల్లో ఫీల్డు వరస అసలు వీడియోకు తిరగబడి ఉండవచ్చు. క్యాసెట్ మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చోట్లా పరీక్షించండి. తిరగబడిన ముక్క దొరికితే దాన్ని విడిగా కోసి, దాని వరసలో దాన్ని చేసి, తరువాత అతికించాలి. ఇది ఓపిక పని, దీనికి అడ్డదారి లేదు.

పద్ధతులు, ఒక్కోటి ఏం చేస్తుంది

అన్నిటికంటే తేలికైనది ఒక ఫీల్డును పారేసి, మిగిలిన 288 గీతలను సాగదీసి 576 చేయడం. దువ్వెన పోతుంది. దానితో పాటు సగం స్పష్టత, సగం కదలిక కూడా పోతాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో డీఇంటర్‌లేస్ అని ఒక్క టిక్కు పెడితే చాలాసార్లు జరిగేది ఇదే.

రెండోది బ్లెండ్, అంటే రెండు ఫీల్డులనూ కలిపి మసక చేయడం. చారల బదులు ప్రతి కదిలే వస్తువు వెనకా దాని దయ్యం కనిపిస్తుంది. గాలిలో ఒక గింజ ఉన్న చోట రెండు పాలిపోయిన గింజలు. ఈ పద్ధతి అంటే నాకు ఒళ్ళుమంట, దానికి కారణం కూడా ఉంది. ఒకప్పుడు మా బంధువుల ఇంటి మూడు గంటల పెళ్ళి వీడియోకు బ్లెండ్ చేసి, డిస్కులో చోటు లేదని అసలు క్యాప్చర్ తుడిచేశాను. కొన్నేళ్ళకు మళ్ళీ చేద్దామని క్యాసెట్ తీస్తే టేపు నిండా తెల్లటి బూజు. కృష్ణ ఒడ్డున తేమకు బీరువాలో క్యాసెట్లు అలాగే బూజు పడతాయి. ఇప్పుడు వాళ్ళకు మిగిలింది ఆ దయ్యాల పెళ్ళే.

మూడోది బాబ్. ప్రతి ఫీల్డునూ విడిగా తీసుకుని పూర్తి ఫ్రేముగా సాగదీస్తుంది, 50 ఫీల్డులకు 50 ఫ్రేములు వస్తాయి. కదలిక నీళ్ళు పారినట్టు సాఫీగా ఉంటుంది. లోపం అంచుల్లో బయటపడుతుంది. పట్టుచీర జరీ అంచు అడ్డంగా ఉన్న చోట ఒక ఫీల్డుకు ఒక గీత, తరువాతి ఫీల్డుకు పక్క గీత అందుతాయి కాబట్టి, కదలకుండా కూర్చున్న మనిషి చీర అంచు కూడా పైకీ కిందికీ గజగజలాడుతుంది.

ఈ లోపాన్ని తగ్గించేవే కదలికను గమనించే పద్ధతులు. కదలని చోట రెండు ఫీల్డులనూ అల్లి పూర్తి స్పష్టత ఉంచుతాయి, కదిలిన చోట మాత్రం లేని గీతలను ఊహించి నింపుతాయి. యాడిఫ్ వీటిలో పేరుమోసినది. వెనక ఫ్రేమునూ ముందు ఫ్రేమునూ చూసి నిర్ణయించుకుంటుంది. బీడబ్ల్యూడిఫ్ దాని తరువాతి తరం. యాడిఫ్ ఆలోచనకు బీబీసీ పరిశోధన విభాగంలో పుట్టిన వెస్టన్ మూడు ఫీల్డుల పద్ధతిని జోడించారు. రెండింట్లో ఏది అని అడిగితే నా ఓటు బీడబ్ల్యూడిఫ్‌కే, అంచులు కొంచెం మెరుగ్గా వస్తాయి. ఒక్క జాగ్రత్త: ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో యాడిఫ్‌కు ఏమీ చెప్పకపోతే ఫ్రేముకు ఒక ఫ్రేమే ఇస్తుంది, అంటే 25. ఫీల్డుకు ఒక ఫ్రేము ఇచ్చే మోడు 1 అని మనమే చెప్పాలి. బీడబ్ల్యూడిఫ్ మాత్రం చెప్పకపోయినా 50 ఇస్తుంది.

ఇక నా మనసుకు నచ్చినది క్యూటీజీఎంసీ. ఇది స్క్రిప్టులతో వీడియోను దిద్దే ఏవీసింత్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే స్క్రిప్టు, అలాంటిదే అయిన వేపర్‌సింత్‌లోనూ ఉంది. వస్తువులు ఎటు, ఎంత కదులుతున్నాయో లెక్కగట్టి, లేని గీతలను పక్క ఫీల్డుల నుంచి ఆ కదలికకు తగ్గట్టు జరిపి తెచ్చుకుంటుంది. పుష్కరాల టేపులో దుర్గా ఘాట్ నుంచి ప్రకాశం బ్యారేజీ మీదుగా కెమెరాను నెమ్మదిగా తిప్పిన ముక్క ఒకటి ఉంది. 70 గేట్లు, వాటి పైన సన్నని అడ్డగీతల్లా రెయిలింగు. బాబ్‌లో రెయిలింగు మొత్తం మరుగుతున్న నీళ్ళలా కదిలిపోయింది. బీడబ్ల్యూడిఫ్‌లో చాలా తగ్గింది, కెమెరా తిరుగుతున్నంతసేపూ అక్కడక్కడా మెట్లు మెట్లుగా విరిగింది. క్యూటీజీఎంసీలో రెయిలింగు గీసినట్టు నిలబడింది.

దానికీ ఒక ఖరీదు ఉంది. నిదానంగా నడుస్తుంది, పైగా తన పద్ధతిలో భాగంగా బొమ్మలోని గరుకును కొంత నున్నగా చేస్తుంది. వీహెచ్ఎస్‌కు ఆ నునుపు మేలే. ఎండలో కృష్ణ నీటి మీది తళుకుల్లాంటి చోట్ల మాత్రం కదలిక లెక్క తప్పి, తళుకులు కొన్ని మాయం కావచ్చు. అలాంటి ముక్క ఉంటే దానికొక్కదానికి బీడబ్ల్యూడిఫ్ వాడతాను.

డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డబ్బు కట్టిన స్టూడియో వెర్షన్‌లో న్యూరల్ ఇంజిన్‌తో చేసే డీఇంటర్‌లేసింగ్ ఉంది. చేతిలో ఉంటే ప్రయత్నించండి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరే, బయటికి వచ్చినదాన్ని ఫ్రేము ఫ్రేముగా జరిపి చూడండి. ప్రతి బొమ్మా రెండేసి సార్లు వస్తుంటే మీకు దక్కినవి 25 క్షణాలే, ఫైలు మీద 50 అని రాసి ఉన్నా సరే.

చేసే విధానం

తొందరగా తేలాలంటే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్. ఫైలు తెరిచి ఫిల్టర్స్ ట్యాబులోకి వెళ్ళండి. డీఇంటర్‌లేస్ దగ్గర బీడబ్ల్యూడిఫ్ లేదా డీకోంబ్ ఎంచుకుని, ప్రీసెట్ బాబ్ అని పెట్టండి. అది వదిలేస్తే 25 ఫ్రేములే వస్తాయి. ఇంటర్‌లేస్ డిటెక్షన్‌ను ఆఫ్ చేయండి, లేకపోతే కొన్ని ఫ్రేములను ముట్టుకోకుండా వదిలేస్తుంది. వీడియో ట్యాబులో ఫ్రేమ్ రేటు 50, కాన్‌స్టంట్. హ్యాండ్‌బ్రేక్ చాలావరకు ఫైలు చెప్పే ఫీల్డు వరసనే నమ్ముతుంది. ఆ ముద్ర తప్పని మీ పరీక్షలో తేలితే ఇది వదిలేసి కిందిదానికి రండి.

నాణ్యత కావాలంటే హైబ్రిడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దింపుకోండి. క్యూటీజీఎంసీకి కావలసిన సరంజామా అంతా అందులోనే ఉంటుంది, స్క్రిప్టు రాయడం రాకపోయినా పని జరుగుతుంది. ఫిల్టరింగ్ విభాగంలో డీఇంటర్‌లేస్ పేజీకి వెళ్ళి, వీడియో ఏ వరసలో ఉందో అక్కడ మీరే నిర్బంధంగా చెప్పండి. పద్ధతి క్యూటీజీఎంసీ, బాబ్ పెట్టె టిక్కు. ప్రీసెట్లలో స్లోవర్ లేదా స్లో చాలు. ప్లసీబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) అని ఒకటి ఉంది, పేరులోనే దాని గుట్టు చెప్పుకుంది. ముందు పది సెకన్ల ముక్క నడిపి కళ్ళారా చూసుకోండి. ఆ తరువాత మొత్తం టేపును రాత్రి పడుకునే ముందు పెట్టి వదిలేయండి. బయటికి వచ్చే ఫైలు ఎడిటింగ్‌కు కాబట్టి ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ లాంటి బరువైన కోడెక్‌లో తీయండి.

మొత్తం పనిలో తప్పకూడని వరస ఒకటి ఉంది: డీఇంటర్‌లేసింగే మొదటిది. సైజు మార్చడం, వణుకు తీయడం, మచ్చలు తుడవడం, పదును పెంచడం, రంగులు దిద్దడం అన్నీ దాని తరువాతే. అంచులు కోయడం కూడా తరువాతే. వీహెచ్ఎస్ బొమ్మ అడుగున కొన్ని గీతలు పక్కకు లాగినట్టు చెదిరి ఉంటాయి, వీసీఆర్ హెడ్డు మారేటప్పుడు వచ్చే చెదురు అది. చూడగానే కోసేయాలనిపిస్తుంది. డీఇంటర్‌లేస్ చేయకముందు పై నుంచి బేసి సంఖ్యలో గీతలు కోశారంటే ఫీల్డుల వరస తలకిందులవుతుంది.

ఎరుపు మీద ఒక కన్ను వేయండి. డీఇంటర్‌లేస్ చేశాక కూడా పెళ్ళికూతురి ఎర్రచీర అంచులో, నుదుటి కుంకుమ చుట్టూ మాత్రమే సన్నని చారలు మిగిలితే, రంగుల సమాచారాన్ని అంతకుముందు ఏదో మెట్టులో ప్రోగ్రెసివ్ అనుకుని మార్చేశారని అర్థం. రంగు గీతలు వెలుతురు గీతల కంటే తక్కువ కాబట్టి అక్కడ తప్పు ముందు బయటపడుతుంది. వెనక్కి వెళ్ళి, క్యాప్చర్‌కూ డీఇంటర్‌లేస్‌కూ మధ్య ఏ సాఫ్ట్‌వేర్ వేలుపెట్టిందో వెతకండి.

50 వచ్చాక

ఇప్పుడు బొమ్మ ఆకారం సరిచేయాలి. పాల్ పిక్సెళ్ళు చదరం కావు. అటూ ఇటూ 8 పిక్సెళ్ళ చొప్పున కోస్తే 704 బై 576 మిగులుతుంది. దాన్ని 768 బై 576కి మారిస్తే 4:3 నిష్పత్తి సరిగ్గా కుదురుతుంది, ముఖాలు సన్నబడవు. వెడల్పు టీవీ నిండాలని 16:9కి సాగదీయమని అడిగేవాళ్ళు ఉంటారు. పక్కన నల్లటి పట్టీలు ఉంటే ఏమీ కాదని నచ్చజెప్పండి. ఒడుగు ఫైళ్ళు 1920 బై 1080 కాబట్టి వాటికి ఈ బాధ లేదు, ఒక్కో ఫీల్డుకు 540 గీతలుండటంతో డీఇంటర్‌లేస్ కూడా వీహెచ్ఎస్ కంటే చాలా తేలిగ్గా అయిపోయింది. హెచ్‌డీవీ అయితే 1440 బై 1080లో ఉంటుంది, దాన్ని వెడల్పులో 1920కి తీయాలి.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో టైమ్‌లైన్ 50 ఫ్రేములకే పెట్టుకోండి. ఎవరైనా 25 అడిగితే 50 ఫ్రేముల ఫైలు నుంచి ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే సరి. అప్పుడు కదలిక కొంచెం సినిమాలా తెగుతూ కనిపిస్తుంది, కొందరికి అదే ఇష్టం. 25 నుంచి 50కి తిరిగి వెళ్ళే దారి మాత్రం లేదు.

50 ఉండటంలో ఇంకో లాభం స్లో మోషన్. 25 ఫ్రేముల టైమ్‌లైన్ మీద ఈ ముక్కను సగం వేగంతో నడిపితే ప్రతి ఫ్రేమూ ఒక్కసారే వస్తుంది. సాఫ్ట్‌వేర్ కల్పించిన ఫ్రేము ఒక్కటి కూడా ఉండదు. తలంబ్రాల ఘట్టాన్ని అలా చేసి చూపిస్తే, ఇది ఆ పాత క్యాసెట్లోదేనా అని బ్రాడీపేట అమ్మాయి రెండుసార్లు అడిగింది.

అమెరికా చుట్టాలు పంపిన టేపు అయితే లెక్కలు మారతాయి. అక్కడిది ఎన్‌టీఎస్‌సీ: 480 గీతలు, సెకనుకు 59.94 ఫీల్డులు. కెమెరాతో తీసిందైతే ఇదే విధానం, 59.94 ఫ్రేములుగా తీయండి. సినిమా డీవీడీ అయితే డీఇంటర్‌లేస్ చేయవద్దు. ఫిల్ము 24 ఫ్రేములను ఫీల్డులు తిరిగి వాడుకుంటూ సాగదీస్తారు కాబట్టి దాన్ని విప్పడానికి ఇన్వర్స్ టెలిసినీ అనే వేరే ఫిల్టర్ కావాలి.

యూట్యూబులో పెట్టేవాళ్ళు ఒక సంగతి గమనించాలి. 720 గీతలకు తక్కువున్న వీడియోలకు యూట్యూబు 50 ఫ్రేములు ఇవ్వదు, సగానికి దించేస్తుంది. 768 బై 576 ఫైలును ఉన్నదున్నట్టు ఎక్కిస్తే ఇంతసేపు పడిన కష్టం సగం నేలపాలు. అందుకని చివరి ఎక్స్‌పోర్ట్‌లో 1440 బై 1080కి పెంచి పంపండి. స్పష్టత కొత్తగా పుట్టదు, 50 ఫ్రేములు మాత్రం నిలుస్తాయి. ఎక్స్‌పోర్ట్ పేజీలో ఫీల్డు ఆర్డర్ దగ్గర ప్రోగ్రెసివ్ అని ఉందో లేదో మరొక్కసారి చూడండి. పాత డీవీ ప్రాజెక్టు సెట్టింగ్ మిగిలిపోయి, చక్కగా చేసిన వీడియో మళ్ళీ ఇంటర్‌లేస్ అయి బయటికి రావడం నా కళ్ళతో చూశాను.

ఇచ్చే ముందు పెద్ద టీవీలో, పెన్‌డ్రైవ్ నుంచి, మొదటి నుంచి చివరిదాకా నడిపి చూడండి. టీవీలు తమంతట తామే డీఇంటర్‌లేస్ చేస్తాయి కాబట్టి కంప్యూటర్లోనూ ఇంకోసారి ఆపి ఆపి చూడాలి. అసలు క్యాప్చర్ ఫైళ్ళను మాత్రం తుడవకండి, ఎందుకో పైన చెప్పాను.

బ్రాడీపేట వాళ్ళు వీడియో తీసుకునేటప్పుడు ఇంకో కోరిక కోరారు. పెళ్ళిలో అక్షింతలు వేస్తున్న నాయనమ్మ బొమ్మ ఒకటి ఫోటోగా కావాలి, ఆవిడ ఫోటోలు ఇంట్లో ఎక్కువ లేవు. పాత ఫైల్లో ఆ చోట ఎక్కడ ఆపినా చెయ్యి చారలు, కళ్ళు మూత. 50 ఫ్రేముల ఫైల్లో ఆ రెండు సెకన్లకు 100 బొమ్మలున్నాయి. ఒక్కొక్కటే జరుపుతూ వెళితే అరవైకి పైన ఎక్కడో ఒక దానిలో కళ్ళు తెరిచి ఉన్నాయి, గింజలు అప్పుడే వేళ్ళ నుంచి విడివడ్డాయి. దాన్ని చదరపు పిక్సెళ్ళకు మార్చాక పీఎన్‌జీగా తీశాను, జేపీజీ చేస్తే ఉన్న కాస్త వివరమూ నలుగుతుంది. 768 బై 576 బొమ్మను నాలుగు బై ఆరు అంగుళాల కంటే పెద్దగా వేయించవద్దని చెప్పి పంపాను. వాళ్ళు వినలేదు, గోడకు పెద్దదే చేయించుకున్నారు.